యూఎస్‌పీఎస్‌ఏ, ఐడీపీఏ, స్టీల్ చాలెంజ్: మూడింటికీ ఒకటే పిస్టల్ అంటే ఏది కొనాలి?

పాలమూరు డాలస్:
అందరికీ నమస్కారం. మాది మహబూబ్‌నగర్, ఉండేది డాలస్ దగ్గర. మన దగ్గర షూటింగ్ అంటే గగన్ నారంగ్, ఈషా సింగ్ గుర్తొస్తారు. ఒకచోట నిలబడి, ఊపిరి బిగబట్టి కొట్టడమే నాకు తెలుసు. ఇక్కడ ఫ్రెండ్ ఒకడు స్టీల్ చాలెంజ్ మ్యాచ్‌కి తీసుకెళ్లాడు. టైమర్ బీప్ అనగానే నడుముకున్న హోల్‌స్టర్‌లోంచి తీసి ఐదు ఇనుప ప్లేట్లు కొట్టాలి. రెండు నెలలుగా అదే ధ్యాస. యూఎస్‌పీఎస్‌ఏ, ఐడీపీఏ కూడా ఆడాలని ఉంది, అవీ టైమర్ పెట్టి పిస్టల్‌తో ఆడే పోటీలే. ఇంట్లో మాత్రం ఒక్క పిస్టల్‌కే ఒప్పుకున్నారు. గ్లాక్ 34 కొనాలా, సీజెడ్ షాడో 2 కొనాలా? రెండూ 9 ఎంఎం. చేత్తో పట్టుకుంటే షాడోనే నచ్చింది.

కృష్ణలంక:
నచ్చిందే కొను తమ్ముడూ. షాడో 2 బరువు 1,330 గ్రాములు, మొత్తం ఉక్కు. పేలినప్పుడు ఆ బరువే చేతిని కిందికి పట్టి ఉంచుతుంది, సైట్ ఎగిరినంత తొందరగానూ వచ్చి కూర్చుంటుంది. యూఎస్‌పీఎస్‌ఏలో ఇనుప సైట్లతో ఆడే ప్రొడక్షన్ డివిజన్‌కీ, డాట్ (గురి చూడ్డానికి వెలుగు చుక్క చూపే సైట్) ఉండే క్యారీ ఆప్టిక్స్‌కీ 59 ఔన్సుల (దాదాపు 1,670 గ్రాములు) దాకా పర్మిషన్ ఉంది కాబట్టి డాట్ పెట్టినా ఇబ్బంది లేదు. స్టీల్ చాలెంజ్‌లో కూడా హాయిగా ఆడొచ్చు. గ్లాక్ కొన్నవాళ్లలో చాలామంది ఏడాది తిరక్కుండా దీని దగ్గరికే వస్తారు. రెండుసార్లు డబ్బు ఎందుకు పెట్టడం?

గోదావరి ఒడ్డు:
కృష్ణలంక అన్నా, మీరు రెండు ఆటలకే జవాబు చెప్పారు. తమ్ముడు అడిగింది మూడు.

నేను కూడా షాడో 2 మీద మనసు పడి కొన్నవాడినే. రెండేళ్ల కింద దాన్ని తీసుకుని ఒక ఐడీపీఏ మ్యాచ్‌కి వెళ్లాను. వెళ్లగానే ఒక బల్ల, దాని మీద చిన్న తూకం, పక్కన చెక్క పెట్టె. ఆ పెట్టె లోపలి కొలత 8.75 అంగుళాల పొడవు, 6 అంగుళాల ఎత్తు, 1.625 అంగుళాల మందం. ఖాళీ మ్యాగజైన్ (గుండ్లు నింపే డబ్బా) పెట్టిన పిస్టల్ అందులో పట్టాలి, మూత పడాలి. పెట్టె దాకా వెళ్లనే లేదు. తూకం దాదాపు 47 ఔన్సులు చూపించింది. ఎస్ఎస్‌పీ, ఈఎస్‌పీ అనే ఇనుప సైట్ల డివిజన్లకి హద్దు 43. డాట్ ఉన్న క్యారీ ఆప్టిక్స్‌కి 45, అదీ డాట్‌తో కలిపి. పాపం వాళ్లు మర్యాదగానే చెప్పారు, స్కోరు లేకుండా ఆడనిచ్చారు. మూడు గంటలు కారు నడిపి వెళ్లి పేరు లేకుండా ఆడి వచ్చాను. ఆ బాధ ఇంకా ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒకటే పిస్టల్ అన్నప్పుడు ముందు అన్నిటికంటే ఇరుకైన గుమ్మం ఏదో చూసుకోవాలి. ఇక్కడ ఆ గుమ్మం ఐడీపీఏ. గ్లాక్ 34 బరువు షాడోలో సగం కంటే కాస్త ఎక్కువ, ఆ పెట్టెలో పడుతుంది. అందులో దూరింది మిగతా రెండిట్లోకీ దూరుతుంది. షాడో అలా కాదు. కొనేముందు తాజా రూల్ బుక్ ఒకసారి తెరిచి చూడు.

కృష్ణలంక:
ఒప్పుకుంటాను, తూకం సంగతి నిజమే. కానీ గుమ్మంలో దూరడం వేరు, లోపల గెలవడం వేరు. తేలిక పిస్టల్‌తో నెలకి మూడు మ్యాచ్‌లు ఆడి మూడింట్లోనూ వెనకబడితే ఏం లాభం? అసలు ఐడీపీఏ మ్యాచ్‌లు ఏడాదికి ఎన్ని ఆడతాడో తమ్ముడు ముందు లెక్కేసుకోవాలి.

గోదావరి ఒడ్డు:
వెనకబడతాడని ఎందుకు అనుకోవాలి? స్కోరు ఎలా వేస్తారో చూడండి. యూఎస్‌పీఎస్‌ఏలో పాయింట్లని టైమ్‌తో భాగిస్తారు. 60 పాయింట్లు 12 సెకన్లలో వస్తే హిట్ ఫ్యాక్టర్ 5. 9 ఎంఎం ఆడే మైనర్ (తక్కువ శక్తి గుండ్ల తరగతి)లో టార్గెట్ మధ్య ఉన్న ‘ఏ’ జోన్‌కి 5, దాని చుట్టూ ఉన్న ‘సీ’ జోన్‌కి 3. అంటే ఒక సీ పడితే పోయేది 2 పాయింట్లు, ఆ స్టేజ్‌లో దాని విలువ 0.4 సెకను. ఐడీపీఏలో ఒక్క పాయింట్ తగ్గితే నేరుగా ఒక సెకను కలుపుతారు, స్టేజ్ ఎలాంటిదైనా సరే. షాడో బరువు మిగిల్చేది షాట్‌కి షాట్‌కి మధ్య సెకనులో చిన్న వంతు. ఐడీపీఏలో దాంతో పెద్దగా ఒరిగేది లేదు. టార్గెట్ మధ్య 8 అంగుళాల గుండ్రంలో పెట్టినవాడిదే పైచేయి.

ఇంకోటి. షాడోకి మొదటి షాట్ హ్యామర్ (పిస్టల్ వెనకుండే సుత్తి) దించి మొదలుపెట్టాలి. ఆ మొదటి లాగుడు పొడుగు, బరువు. రెండోది పొట్టి, తేలిక. కొత్తవాడు ఒకే చేత్తో రెండు రకాల ట్రిగ్గర్ నేర్చుకోవాలి. గ్లాక్‌కి మొదటిదైనా పదోదైనా ఒకటే.

కృష్ణలంక:
ఆ మొదటి లాగుడు రోజూ రాత్రి పది నిమిషాలు ఇంట్లో డ్రై ఫైర్ (గుండ్లు లేకుండా ట్రిగ్గర్ లాగే సాధన) చేస్తే నెలలో వచ్చేస్తుంది. గుండ్లు వేరే గదిలో పెట్టి, చాంబర్ రెండుసార్లు చూసుకుని. నేను అలాగే నేర్చుకున్నాను.

ఓరుగల్లు బిడ్డ:
అన్నలూ, మధ్యలో వస్తున్నాను. నా చెయ్యి చిన్నది. షాడో ఆ మొదటి లాగుడుకి నా వేలు ట్రిగ్గర్ మీద కొస మాత్రమే ఆనేది, ప్రతిసారీ గుండు పక్కకి పోయేది. షాపులో పట్టుకుని చూస్తే ఇది తెలియదు. కాల్చి చూస్తేనే తెలుస్తుంది.

పిస్టల్ కంటే ఎక్కువ ఖర్చు చేయించింది నా బెల్ట్. యూఎస్‌పీఎస్‌ఏ క్యారీ ఆప్టిక్స్‌లో మ్యాగజైన్ 141.25 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు, హోల్‌స్టర్ నడుము నుంచి కాస్త కిందికి వేలాడొచ్చు. ఐడీపీఏలో హోల్‌స్టర్ ఒంటికి ఆని, చొక్కా కింద దాగేలా ఉండాలి. మ్యాగజైన్ పెట్టెలో పట్టాలి. కాబట్టి పిస్టల్ ఒకటే అయినా హోల్‌స్టర్లు రెండు, మ్యాగజైన్లు రెండు రకాలు. ఈ డబ్బు ముందే పక్కన పెట్టుకో తమ్ముడూ.

గుండ్ల సంగతి కూడా. యూఎస్‌పీఎస్‌ఏ పెద్ద మ్యాచ్‌లలో నీ బ్యాగ్‌లోంచి కొన్ని రౌండ్లు తీసుకుంటారు. ఒకదాన్ని సుత్తిలాంటి దాంట్లో పెట్టి కొట్టి, గుండు ఊడదీసి తూస్తారు, మిగతావి నీ పిస్టల్‌తోనే కాల్చి వేగం కొలుస్తారు. ఆ బరువునీ వేగాన్నీ గుణించి వెయ్యితో భాగిస్తే కనీసం 125 రావాలి. 124 గ్రెయిన్ల గుండు సెకనుకి 1,050 అడుగులు పోతే 130 వస్తుంది, టెన్షన్ లేదు. స్టీల్ చాలెంజ్‌లో ఈ గొడవ లేదు. అక్కడ .22తో కూడా ఆడొచ్చు, హోల్‌స్టర్ కూడా అక్కర్లేదు.

కొత్త సభ్యుడు:
ఒక డౌట్. నేను హెచ్1బీ మీద ఉన్నాను. నేను కొనొచ్చా?

ఓరుగల్లు బిడ్డ:
మామూలుగా కుదరదు తమ్ముడూ. నాన్ ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. షాపువాడి మాట విని దిగొద్దు, లాయర్‌ని అడుగు. గ్రీన్ కార్డ్ వచ్చాక ఆ అడ్డు ఉండదు. రేంజ్‌లో అద్దెకి తీసుకోవడం గురించి కూడా లాయర్‌నే అడుగు.

పాలమూరు డాలస్:
నాకు గ్రీన్ కార్డ్ నిరుడే వచ్చింది, ఆ దిగులు లేదు. అందరూ ఇంత ఓపిగ్గా రాసినందుకు థాంక్స్. మరి డాట్ పెట్టించాలా, వద్దా?

గోదావరి ఒడ్డు:
డాట్ పెట్టుకోవడానికి పైన కోత ఉన్న గ్లాక్ 34 ఎంఓఎస్ తీసుకో. మొదటి ఆరు నెలలు ఇనుప సైట్లతోనే ఆడు. అప్పుడు ఐడీపీఏలో ఎస్ఎస్‌పీ, యూఎస్‌పీఎస్‌ఏలో ప్రొడక్షన్. తర్వాత డాట్ బిగిస్తే అదే పిస్టల్ రెండు చోట్లా క్యారీ ఆప్టిక్స్‌లోకి వెళ్తుంది. కళ్లు నలభై దాటాయంటే మాత్రం ఆగకు, ఇప్పుడే పెట్టించు. ముందు సైట్ మసకబారాక దానితో కుస్తీ పట్టడం వృథా.

కృష్ణలంక:
డాట్ విషయంలో నేనూ అంతే అంటాను. పిస్టల్ విషయంలో మాత్రం నా మాట నాదే. ఐడీపీఏ ఏడాదికి రెండుసార్లే ఆడేవాడికి షాడోనే.

పాలమూరు డాలస్:
లెక్కేశాను. మాకు గంటలోపు దూరంలో స్టీల్ నెలకి రెండు, ఐడీపీఏ ఒకటి, యూఎస్‌పీఎస్‌ఏ ఒకటి. ఐడీపీఏ ఏడాదికి పన్నెండు అంటే వదులుకునేది కాదు. అయినా అక్క చెప్పినట్టు వేలు ఎక్కడ ఆనుతుందో చూసుకుంటాను. ఫ్రెండ్ దగ్గర షాడో ఉంది, రేంజ్‌లో గ్లాక్ 34 అద్దెకి ఇస్తారు. ఈ ఆదివారం ఒక్కోదాంతో వంద రౌండ్లు, మొదటి షాట్‌లు విడిగా ఒక కాగితం మీద. టార్గెట్ల ఫొటోలు ఇక్కడే పెడతాను.