ఐసింగ్ వేసే జామ్ శాండ్‌విచ్ బిస్కెట్లు: కొలతలు ఎంత, జామ్ ముందా ఐసింగ్ ముందా?

కొత్తచేయి అడిగారు:
ఈ క్రిస్మస్‌కి జామ్ శాండ్‌విచ్ బిస్కెట్లు చేయాలని ఉంది. రెండు బిస్కెట్ల మధ్య రాస్ప్‌బెర్రీ జామ్, పైన తెల్లటి ఐసింగ్, దాని మీద చెర్రీ ముక్క. స్కాట్లండ్‌లో ఎంపైర్ బిస్కెట్ అంటారే, ఆ రకం. 20 కావాలి, 24వ తేదీ ఉదయానికి డబ్బాల్లో సర్దేసి ఉండాలి. రెసిపీలు చూస్తుంటే ఒకదానికి ఒకటి పొంతన లేదు. ఒకరు గుడ్డు వేయమంటారు, ఇంకొకరు బేకింగ్ పౌడర్ తప్పదంటారు. సరైన కొలతలేంటి? ఓవెన్‌లో గుండ్రంగానే ఉండాలంటే ఏం చేయాలి? జామ్ పెట్టాక ఎంతసేపటికి మెత్తబడతాయి? ఏ పని ఏ రోజు పెట్టుకోవాలి?

వెన్నపూస:
గుడ్డూ వద్దు, బేకింగ్ పౌడరూ వద్దు. బేకింగ్ పౌడర్ వేస్తే బిస్కెట్ మధ్యలో ఉబ్బుతుంది, అంచు చెదురుతుంది. ఉబ్బిన రెండు బిస్కెట్లు ఒకదాని మీద ఒకటి నిలబడవు.

20 శాండ్‌విచ్‌లకి 40 బిల్లలు కావాలి. ఉప్పు లేని బటర్ 200 గ్రాములు, ఐసింగ్ షుగర్ 100, మైదా 270, కార్న్‌ఫ్లోర్ 30, ఉప్పు పావు టీస్పూను, వెనిల్లా ఒక టీస్పూను. కప్పులతో కాదు, తూకం వేసుకోండి. మైదాని కప్పులో నొక్కి నింపితే ఒక్కో కప్పుకి 20, 30 గ్రాములు ఎక్కువ పడిపోతుంది, పిండి విరిగిపోతుంది. మామూలు పంచదార కూడా వద్దు. దాని పలుకులు ఓవెన్‌లో కరిగి బిస్కెట్‌ని పక్కలకి పాకిస్తాయి.

బటర్ వేలితో నొక్కితే గుంట పడాలి, అంతే కానీ జారకూడదు. పంచదారతో కలిసేవరకే, అంటే ఒక నిమిషం కలిపితే చాలు. కేక్‌కి గిలక్కొట్టినట్టు తెల్లగా నురగ వచ్చేదాకా కొట్టకండి. లోపలికి వెళ్ళిన గాలే తర్వాత బిస్కెట్‌ని పొంగించి కుంగదీస్తుంది. పిండి జల్లించి వేసి, ముద్ద కట్టగానే ఆపేయండి. ఎక్కువ పిసికితే సాగుడు వచ్చి, కాలేటప్పుడు బిల్లలు ముడుచుకుపోతాయి.

ముద్దని మొత్తంగా ఫ్రిజ్‌లో పెట్టి తర్వాత గట్టిపడిన దానితో కుస్తీ పట్టే బదులు, మెత్తగా ఉండగానే రెండు బేకింగ్ పేపర్ల మధ్య పెట్టి చపాతీ కర్రతో 4 మిల్లీమీటర్ల మందానికి ఒత్తేయండి. ఆ పలకని అలాగే 30 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, 6 సెంటీమీటర్ల గుండ్రటి కట్టర్‌తో కోయండి. కట్టర్‌ని తిప్పకుండా నేరుగా దించి నేరుగా లేపండి. మిగిలిన తుంపులు మళ్ళీ కలిపి ఒత్తుకోవచ్చు కానీ ఆ బిల్లలు కాస్త గట్టిగా వస్తాయి, వాటిని కింది సగానికి వాడండి.

కోసిన బిల్లలు ట్రేతో సహా ఇంకో 15 నిమిషాలు ఫ్రిజ్‌లో. ఓవెన్ 170 డిగ్రీలు, ఫ్యాన్ ఉంటే 155. మధ్య అర, ఒకసారికి ఒకే ట్రే, 12 నుంచి 14 నిమిషాలు. అంచు మాత్రం లేత గోధుమ రంగుకి తిరిగితే తీసేయాలి. నడుమ ఇంకా మెత్తగా అనిపిస్తుంది, కంగారు పడకండి, చల్లారాక గట్టిపడుతుంది. ట్రే మీదే 5 నిమిషాలు వదిలేసి, తర్వాత జాలీ మీదకి మార్చండి.

పాకం:
వెన్నపూస గారు చెప్పిన పిండికి వంక లేదు. జామ్ దగ్గరే చాలామంది తొందరపడతారు. సీసాలోంచి తీసి నేరుగా రాస్తే రెండు నష్టాలు: పక్కలకి కారుతుంది, దాని నీరు బిస్కెట్‌లోకి దిగుతుంది. 150 గ్రాముల జామ్‌ని గింజలు లేకుండా వడకట్టి, టీస్పూను నిమ్మరసం వేసి, సన్నటి సెగ మీద 3, 4 నిమిషాలు ఉడికించండి. ఫ్రీజర్‌లో పెట్టిన ప్లేటు మీద ఒక చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో తోస్తే పైన ముడత పడాలి. అంతకు మించి ఉడికిస్తే జీడిపాకంలా సాగి, కొరికినప్పుడు బిస్కెట్ విరిగిపోతుంది.

గోరువెచ్చగా ఉండగా ఒక్కోదానికి ముప్పావు టీస్పూను, అంచు నుంచి అర సెంటీమీటరు వదిలి. కింది బిల్లని తిరగేసి చదునైన వైపు రాయండి, పై బిల్ల చదును కూడా జామ్‌కే ఆనాలి. గట్టిగా నొక్కొద్దు, కాస్త తిప్పుతూ దించితే జామ్ తనే అంచుదాకా వెళ్తుంది.

ఐసింగ్‌కి: జల్లించిన ఐసింగ్ షుగర్ 200 గ్రాములు, వేడినీళ్ళు 30 మిల్లీలీటర్లు. ఆ తర్వాత అర టీస్పూను చొప్పునే పెంచాలి. స్పూనుతో ఎత్తి వదిలితే పడిన తీగ 10 సెకన్లలో కలిసిపోవాలి. ఇంకా ముందే కలిసిపోతే పక్కల నుంచి కారుతుంది, అసలు కలవకపోతే గరుకుగా ఆరుతుంది. ఒక్కోదాని నడిమధ్యన టీస్పూను వేసి, స్పూను వెనకతో అంచు వైపు జరపండి, 3 మిల్లీమీటర్లు వదిలి ఆగండి. బిస్కెట్ పూర్తిగా చల్లారాలి. వెచ్చగా ఉంటే బటర్ పైకి వచ్చి ఐసింగ్‌లో నూనె మచ్చలు కనిపిస్తాయి.

చెర్రీల పాకం కడిగి, బట్ట మీద బాగా ఆరబెట్టి, నాలుగు ముక్కలు చేయండి. తడి చెర్రీ పెడితే చుట్టూ గులాబీ రంగు వలయం వస్తుంది. ఐసింగ్ పొర కట్టకముందే అద్దాలి.

జల్లెడ:
ఐసింగ్ ముందా జామ్ ముందా అన్నదానికి నా ఓటు జామ్‌కే. పై బిల్లకి ముందే ఐసింగ్ వేసి ఆరబెడితే, తర్వాత అతికించేటప్పుడు పట్టుకోవడానికి చోటుండదు, నొక్కితే పొర బీటలు తీస్తుంది. జామ్ పెట్టి గంట ఆగి ఐసింగ్ వేస్తే ఏ గొడవా లేదు. కిటికీలా మధ్యలో రంధ్రం ఉండే లింజర్ రకానికి మాత్రం వరస మారుతుంది: పై బిల్ల మీద విడిగా ఐసింగ్ షుగర్ చల్లి, ఆ తర్వాతే జామ్ మీద పెట్టాలి. అతికించాక చల్లితే జామ్ మెరుపు పోతుంది.

అన్నట్టు, ఎంపైర్ బిస్కెట్‌ని మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు జర్మన్ బిస్కెట్ అనేవారు. న్యూజిలాండ్‌లో ఇదే కుటుంబానికి చెందినది బెల్జియన్ బిస్కెట్: పిండిలో దాల్చినచెక్క, అల్లం పొడి, పైన గులాబీ ఐసింగ్, దాని మీద జెల్లీ పలుకులు. క్రిస్మస్ వాసన కావాలంటే పై కొలతకి టీస్పూను దాల్చినచెక్క పొడి, అర టీస్పూను శొంఠి పొడి కలపండి, ఇంకేమీ మార్చక్కర్లేదు.

కొత్తచేయి:
చాలా ఉపయోగపడింది. ఇంకో రెండు సందేహాలు. వంటగది వెచ్చగా ఉంటే పిండి పేపర్‌కి అంటుకుపోదా? ఐసింగ్ త్వరగా ఆరాలని ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

వెన్నపూస:
అంటుకుంటే పొడిపిండి చల్లకండి, బిస్కెట్ బరకగా తయారవుతుంది. పేపర్‌తో సహా ఫ్రీజర్‌లో 10 నిమిషాలు పెడితే పేపర్ దానంతటదే ఊడి వస్తుంది. చల్లటి పలక కోస్తుంటే పగుళ్ళు తీస్తే, 5 నిమిషాలు బయట వదలండి.

పాకం:
ఐసింగ్‌కి ఫ్రిజ్ వద్దే వద్దు. బయటికి తీయగానే చల్లటి ఐసింగ్ మీద చెమ్మ పడుతుంది, పంచదార ఆ చెమ్మని లాక్కుని జిగురవుతుంది, చెర్రీ రంగు కారుతుంది. ఫ్యాన్ గాలి తగిలేలా విడివిడిగా పరచండి. పొడి వాతావరణంలో పైపొర 2 గంటల్లో కడుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చాలంటే మాత్రం రాత్రంతా ఆరాల్సిందే.

మెత్తబడటం గురించి: జామ్ పెట్టిన మర్నాటికి కాస్త మెత్తబడతాయి. ఎంపైర్ బిస్కెట్ అలాగే ఉండాలి, కొరికితే జామ్ పక్కలకి జారకుండా కలిసి తెగుతుంది. మూడో రోజు దాటితే మరీ మెత్తన. కరకరలాడాలనుకుంటే చదును వైపు కరిగించిన వైట్ చాక్లెట్ పలచగా పూసి, ఆరాక జామ్ రాయండి. కొవ్వు పొర నీటిని ఆపుతుంది. కానీ అప్పటికే తీపి చాలా ఉంటుంది, నాకైతే అనవసరం అనిపిస్తుంది.

జల్లెడ:
24 ఉదయానికైతే 21న కాల్చి, పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెట్టండి. జామ్ లేని బిల్లలు వారం పైనే కరకరలాడతాయి. 23 ఉదయం జామ్, గంట తర్వాత ఐసింగ్, రాత్రంతా ఆరనివ్వండి. 24 ఉదయం వరసకి వరసకి మధ్య బేకింగ్ పేపర్ వేసి, రెండు వరసలకి మించకుండా సర్దండి. దాల్చినచెక్క వేసినవీ వేయనివీ వేర్వేరు డబ్బాల్లో పెట్టండి, వాసన ఇట్టే పట్టేస్తుంది.