బాంబు పేలిన చోట మనముంటే: మొదటి పది నిమిషాలు, ఆ తర్వాతి వారాలు

మారతహళ్లి వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. బెంగళూరులో మారతహళ్లి, మున్నేకొళ్లాల్, కుందలహళ్లి పీజీ హాస్టళ్లలో ఉండే మన తెలుగు పిల్లల కోసం గోడకు అంటించే కాగితం ఒకటి తయారు చేస్తున్నాం. 2024 మార్చి 1న బ్రూక్‌ఫీల్డ్ రామేశ్వరం కెఫేలో భోజనాల వేళ బ్యాగులో బాంబు పేలింది ఈ చుట్టుపక్కలే. దిక్కులేని బ్యాగు కనిపిస్తే ముట్టుకోవద్దని మెట్రోలో రోజూ చెబుతూనే ఉంటారు. పేలిపోయాక ఏం చెయ్యాలో మాత్రం ఒక్కచోట దొరకడం లేదు.

రక్తం కారుతున్నవాళ్లకు అంబులెన్సు వచ్చేలోపు ఏం చెయ్యాలి? పైకి దెబ్బ లేనివాళ్లు కూడా ఆసుపత్రికి వెళ్లాలా? పోలీసులు వాంగ్మూలం, ఫోను అడిగితే? పరిహారానికి ఏ కాగితాలు దాచుకోవాలి? ఆ తర్వాత నిద్ర పట్టకపోతే? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా రాయండి.

ఎమర్జెన్సీ నర్సు:

ముందు రక్తం. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేదే సుమారు 5 లీటర్లు. అందులో 2 లీటర్లు పోతే ప్రాణాపాయం. తొడలో పెద్ద ధమని తెగితే ఆ 2 లీటర్లు కొద్ది నిమిషాల్లో పోతాయి. ఐటీపీఎల్ రోడ్డు మీద అంతలోపు అంబులెన్సు రాదు కాబట్టి పక్కనున్నవాళ్ల చేతులే దిక్కు.

అరుస్తున్న మనిషికి ఊపిరి ఆడుతోందని అర్థం. చప్పుడు చెయ్యకుండా పడివున్నవాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి. పేలుడు దగ్గర చాలామందికి చెవులు దిబ్బెళ్లు పడతాయి, మీరెంత అరిచినా వినపడదు. ఎదురుగా నిలబడి చేతిసైగతో చెప్పండి.

చేతికి పాలిథిన్ కవరైనా తొడుక్కుని, చున్నీ గానీ టవలు గానీ మడతపెట్టి, గాయం మీద ఒంటి బరువంతా వేసి నొక్కాలి. తగ్గిందా అని మధ్యలో ఎత్తి చూడకూడదు. చూసిన ప్రతిసారీ కట్టుకుంటున్న గడ్డ ఊడిపోతుంది. కనీసం పది నిమిషాలు వదలొద్దు. గజ్జల్లో, చంకలో లోతైన గాయమైతే పైన నొక్కితే చాలదు, గుడ్డను గాయం లోపలికి కూరి నొక్కాలి. కడుపులోకి, ఛాతీలోకి గుడ్డ కూరకూడదు. పేగులు బయటికి వస్తే లోపలికి నెట్టకుండా తడిగుడ్డ కప్పండి. బాంబులో పెట్టే మేకులు, బోల్టులు, పగిలిన అద్దాలు ఒంట్లో దిగివుంటే పీకొద్దు, చుట్టూ గుడ్డ పెట్టి కదలకుండా కట్టండి. ఒక్కోసారి ఆ ముక్కే తెగిన రక్తనాళాన్ని మూసి ఉంచుతుంది.

మంచినీళ్లు తాగించొద్దు. మనవాళ్లు ముందు చేసేది అదే, కానీ ఆపరేషన్ అవసరమైతే కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

పైకి దెబ్బ లేనివాళ్లు తప్పకుండా వెళ్లాలి. పేలుడు ఒత్తిడి గాలి ఉండే అవయవాలను కొడుతుంది: చెవి, ఊపిరితిత్తులు, పేగులు. ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం వెంటనే కాకపోయినా రెండు రోజుల్లోపు మొదలవ్వచ్చు. కడుపునొప్పి, వాంతులు కూడా అంతే. 48 గంటలు ఒంటరిగా ఉండనివ్వకండి.

చెవిలో గుయ్‌మంటోందని వెల్లుల్లి కాచిన నూనె, హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యొద్దు. కర్ణభేరి చిరిగితే నూనె లోపలికి దిగి చీము పడుతుంది. చెవి పొడిగా ఉంచి, తలస్నానానికి వాజిలీన్ రాసిన దూది పెట్టుకుని, ముక్కు గట్టిగా చీదకుండా ఉంటే చిన్న చిల్లులు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే పూడుకుంటాయి. అయినా ఈఎన్‌టీ దగ్గర వినికిడి పరీక్ష చేయించాలి.

చిన్న గాయమైనా టెటనస్ ఇంజెక్షన్ సంగతి, హెపటైటిస్ బి టీకా సంగతి అడగండి. పేలుడులో ఒకరి రక్తం మరొకరి గాయంలో పడుతుంది.

ఫైర్ సేఫ్టీ:

నర్సు గారు చెప్పినదానికి ఒక్క షరతు. అక్కడే గుమిగూడొద్దు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో బాంబు నిమిషాల తేడాతో దాదాపు వంద మీటర్ల దూరంలోనే పేలింది. మొదటిదాన్ని చూడటానికి వెళ్లేవాళ్లే రెండోదానికి దొరుకుతారు. ఆగివున్న బైకులు, చెత్తడబ్బాలు, అద్దాల బిల్డింగులు లేని చోటికి, ఒక కాంక్రీటు గోడ అవతలికి వెళ్లండి. 2013 ఏప్రిల్‌లో బెంగళూరు మల్లేశ్వరంలో పేలింది ఆపివుంచిన బైకులో పెట్టిన బాంబే.

పేలింది బాంబో సిలిండరో మొదట తెలియదు. రామేశ్వరం కెఫే అప్పుడు అగ్నిమాపక శాఖకు వెళ్లిన ఫోను కూడా సిలిండర్ పేలిందనే. కాబట్టి స్విచ్చులు ముట్టుకోకుండా, లైటర్ వెలిగించకుండా, లిఫ్టు ఎక్కకుండా బయటికి రావాలి. అత్యవసర నంబరు 112కి ఫోను చేసినప్పుడు ముందు ల్యాండ్‌మార్కు, తర్వాత గాయపడినవాళ్ల సంఖ్య, చివర ఏం జరిగిందో చెప్పండి. లైను మధ్యలో తెగినా చోటు తెలిసివుంటుంది.

ఇంటికి ఎస్సెమ్మెస్ పంపండి. నెట్‌వర్కు కిక్కిరిసినప్పుడు కాల్ కలవకపోయినా అది వెళ్తుంది. ఊళ్లో ఒక్కరికి పంపితే మిగతా చుట్టాలకు వాళ్లే చెప్పేలా ముందే అనుకోండి. పీజీలో ఇరవైమంది తల్లిదండ్రులు ఒకేసారి ఫోన్లు చేస్తుంటే అసలు అవసరమైన కాల్ రాదు.

మారతహళ్లి వాసి:

చాలా థాంక్సండీ. ఒకటి అర్థం కాలేదు. వెంటనే దూరం వెళ్లాలా, కూర్చుని పది నిమిషాలు నొక్కాలా? బెల్టుతో బిగించి తీసుకెళ్లిపోవచ్చా?

ఎమర్జెన్సీ నర్సు:

మంచి ప్రశ్న. చేతి నుంచో కాలి నుంచో రక్తం చిమ్ముతుంటే అక్కడ కూర్చుని నొక్కొద్దు. టోర్నికెట్ (రక్తం ఆగేలా గాయానికి పైన బిగించే పట్టీ) బిగించి మనిషిని లాక్కెళ్లండి. గాయానికి 5 నుంచి 8 సెంటీమీటర్ల పైన, మోకాలు మోచెయ్యి కీళ్ల మీద కాకుండా కట్టాలి.

బెల్టు సాధారణంగా పనిచెయ్యదు. చాలినంత బిగుసుకోదు, జారిపోతుంది. సగం బిగిసిన కట్టు అసలు లేనిదానికంటే చెడ్డది: పైకి తిరిగొచ్చే రక్తాన్ని ఆపేస్తుంది, కిందికి దూసుకొచ్చేదాన్ని ఆపదు. నాలుగు వేళ్ల వెడల్పున్న గుడ్డ చుట్టి, ముడిలో అట్లకాడ లాంటి గట్టి కాడ దూర్చి, రక్తం ఆగేదాకా తిప్పి, ఆ కాడను కట్టేయండి. చాలా నొప్పి పుడుతుంది, అరుస్తారు. నొప్పి అన్నారని వదులు చెయ్యొద్దు. కట్టిన టైము మార్కర్‌తో నుదుటి మీదో చెంప మీదో రాయండి, డాక్టరు ముందు అదే అడుగుతారు. షూ లేసు, వైరు వాడితే కండ కోసుకుపోతుంది.

పీజీ కిట్టులో దుకాణంలో దొరికే టోర్నికెట్లు రెండు, 15 సెంటీమీటర్ల రోలర్ బ్యాండేజీలు ఆరు, గాజ్ (గాయాలకు వాడే పల్చటి నూలుగుడ్డ) ప్యాకెట్లు పది, గ్లవుజులు, కత్తెర, మార్కర్ చాలు. పెట్టెకు తాళం వెయ్యొద్దు.

ఎక్కడికి తీసుకెళ్లాలంటే, దగ్గరలో ఆపరేషన్ థియేటర్ ఉన్న ఏ ఆసుపత్రికైనా. కాలిన గాయాలకు విక్టోరియా ఆసుపత్రిలోని మహాబోధి బర్న్స్ సెంటర్, తలకు దెబ్బయితే నిమ్హాన్స్ మంచివే కానీ, వైట్‌ఫీల్డ్ నుంచి నేరుగా అంత దూరం బయల్దేరితే దారిలోనే పోతారు. రక్తం ఆపించాక అక్కడికి పంపిస్తారు.

సిటీ సివిల్ కోర్టు అడ్వకేట్:

ఆసుపత్రిలో డిపాజిట్ కట్టమన్నా, పోలీసు కాగితం తెమ్మన్నా 1989 నాటి పరమానంద్ కటారా కేసు గుర్తుచెయ్యండి. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, లాంఛనాలు తర్వాత అని సుప్రీంకోర్టు తేల్చింది.

చేరిన రోజే ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసు కేసుకు పనికొచ్చే ఆసుపత్రి రికార్డు) రాయించుకోవాలి. "కింద పడ్డాడు" అని కాకుండా ఫలానా చోట పేలుడులో గాయపడినట్టు ఉండాలి. పిల్లలు చిన్న దెబ్బే కదా అని మెడికల్ షాపులో కట్టు కట్టించుకుని రూముకి వెళ్లిపోతారు. నెల తర్వాత చెవి వినపడక పోతే, ఆ రోజు అక్కడ ఉన్నట్టు ఒక్క కాగితం ఉండదు. ఎంఎల్‌సీ నంబరు, వూండ్ సర్టిఫికెట్ (గాయాల ధృవపత్రం), డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, ఎఫ్ఐఆర్ నంబరు ఒక కవరులో పెట్టండి. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు) కూడా.

వాంగ్మూలం భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 180 కింద తీసుకుంటారు. దాని మీద మీరు సంతకం చెయ్యనక్కర్లేదు, సెక్షన్ 181 అదే చెబుతుంది. మేజిస్ట్రేటు ముందు ఇచ్చేది వేరు. కన్నడంలో రాసుకుంటే చదివి అర్థం చెప్పమని అడగండి. చూసింది చెప్పండి, టీవీలో విన్నది కలపొద్దు. ఆడవాళ్లను, 60 దాటిన మగవాళ్లను సాక్షిగా వాళ్ల ఇంట్లోనే ప్రశ్నించాలి, స్టేషనుకు రమ్మనకూడదు. కేసు ఎన్ఐఏకి (జాతీయ దర్యాప్తు సంస్థకు) వెళ్తే మళ్లీ అడుగుతారు, రామేశ్వరం కెఫే కేసు కొద్దిరోజుల్లోనే వాళ్ల చేతికి వెళ్లింది.

వీడియో ఉంటే వాట్సాప్‌లో పంపొద్దు, అది ఫైలును కుదించేస్తుంది, తీసిన సమయం వివరాలు పోతాయి. అసలు ఫైలు ఫోనులోనే ఉంచి దర్యాప్తు అధికారికి చూపించండి. ఫోను తీసుకుంటే మహజర్ (స్వాధీనం చేసుకున్నట్టు రాసే పంచనామా) కాపీ అడిగి, అందులో ఫోను గుర్తింపు నంబరు, అంటే ఐఎంఈఐ సరిచూసుకోండి. నంబరు మారినా, ఊరు మారినా అధికారికి తెలపండి. దిల్‌సుఖ్‌నగర్ కేసులో ప్రత్యేక కోర్టు తీర్పు 2016 డిసెంబరులో వచ్చింది. సాక్షికి సమన్లు ఏళ్ల తర్వాత రావచ్చు.

పరిహారానికి రెండు దారులు. ఉగ్రవాద హింస బాధితులకు కేంద్ర హోంశాఖ పథకం ఉంది. మరణానికి, 50 శాతం, ఆపైన శాశ్వత వైకల్యానికి 5 లక్షలు, దరఖాస్తు జిల్లాధికారి (కలెక్టరు) కార్యాలయంలో. అంతకు తక్కువ గాయాలకు అదే సంహిత సెక్షన్ 396 కింద జిల్లా న్యాయ సేవల సంస్థలో అడగాలి. నిందితులు దొరక్కపోయినా అడగొచ్చు.

చెన్నై నుంచి:

2014 మే 1న చెన్నై సెంట్రల్‌లో గువాహటి రైల్లో పేలుళ్లు జరిగినప్పుడు చనిపోయింది బెంగళూరు నుంచి ఇంటికి వెళ్తున్న మన గుంటూరు అమ్మాయి. రైల్లో ప్రయాణించే పిల్లలకూ ఈ కాగితం ఇవ్వండి. తమిళనాడు ఆసుపత్రుల్లో ఏఆర్ కాపీ అని అడిగితే ఇస్తారు, అంటే యాక్సిడెంట్ రిజిస్టర్. పీఎన్ఆర్ టికెట్ స్క్రీన్‌షాట్ కూడా దాచుకోవాలి.

కౌన్సెలర్:

నిద్ర గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మొదటి మూడు నాలుగు వారాలు ఉలిక్కిపడటం, పీడకలలు, కుక్కర్ విజిల్‌కి గుండె దడ, అన్నం సయించకపోవడం మామూలే. ఆ రోజుల్లో "ఏం జరిగిందో మొత్తం చెప్పు" అని బలవంతం చెయ్యకండి, అలా చెప్పించడం మేలు చెయ్యదు. వాళ్లంతట వాళ్లు మాట్లాడితే వినండి. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపెయ్యండి, పేలుడు వీడియో పదిసార్లు చూడటం వల్ల అక్కడ లేనివాళ్లకు కూడా లక్షణాలు మొదలవుతాయి. నిద్ర కోసం మందు తాగడం, ఫ్రెండు దగ్గరున్న నిద్రమాత్రలు వేసుకోవడం వద్దు.

నెల దాటినా తగ్గకపోతే, లేదా అంతకుముందే చచ్చిపోవాలనిపిస్తే 14416కి ఫోను చెయ్యండి. టెలీ మానస్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. హోటళ్లకు, బస్‌స్టాపులకు వెళ్లడం పూర్తిగా మానేస్తే భయం ముదురుతుంది. రద్దీ లేని వేళ, నమ్మకమైన మనిషితో, పది నిమిషాలతో మొదలుపెట్టాలి. మొదటిరోజే ఘటన జరిగిన చోటికి తీసుకెళ్లొద్దు.