అప్‌డేట్: స్విస్ ఫ్రాంకులను యెన్లుగా మార్చుకోవడం గురించి

ఫోన్‌లో కనిపించే ఫ్రాంకు–యెన్ రేటు జ్యూరిక్‌లోని మార్పిడి కౌంటర్లలో ఎందుకు దొరకదని, టోక్యో ప్రయాణానికి డబ్బు ఎక్కడ మార్చుకోవడం మేలని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన వారందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు.

మీరు చెప్పినట్లే, ఫోన్‌లో చూపేది బ్యాంకుల మధ్య నడిచే కొనుగోలు, అమ్మకపు ధరలకు నడిమి రేటు మాత్రమే. ఫ్రాంకుకు యెన్‌లో విలువను సాధారణంగా డాలరు మీదుగా లెక్కకడతారు. ఉదాహరణకు ఒక డాలరుకు 150 యెన్లు, 0.80 ఫ్రాంకు అనుకుంటే, 150ని 0.80తో భాగించగా ఒక ఫ్రాంకుకు 187.5 యెన్లు వస్తాయి. అదే రోజు ‘కమీషన్ లేదు’ అనే బోర్డు పెట్టిన కౌంటరు 178 యెన్లే ఇస్తే, 1,000 ఫ్రాంకుల మీద 9,500 యెన్లు తగ్గినట్లే. అంటే కమీషన్ రేటులోనే కలిసి ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన మాట ఇదే.

అందుకే కొద్దిపాటి నగదు మాత్రమే వెంట తీసుకెళ్లి, మిగతాది టోక్యోలో ఏటీఎం నుంచి తీసుకున్నాను. మొత్తాన్ని ఫ్రాంకులలో లెక్కకట్టాలా, యెన్లలోనా అని తెర మీద అడిగినప్పుడు యెన్లనే ఎంచుకున్నాను. ఫ్రాంకులను ఎంచుకుంటే ఏటీఎం నడిపేవారు తమ లాభం కలుపుకొని నిర్ణయించిన రేటు వర్తిస్తుంది.

ఫ్రాంకుకు ఇంకా ఎక్కువ యెన్లు వచ్చేదాకా ఆగాలా అని అడిగిన మిత్రునికి: 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు యూరో విలువ 1.20 ఫ్రాంకులకన్నా తగ్గకుండా తాను పెట్టిన కనీస హద్దును ముందస్తు సూచన లేకుండా ఎత్తివేయగానే ఫ్రాంకు నిమిషాల్లో ఎగబాకింది. అటువంటి కదలికను ముందే పసిగట్టడం ప్రయాణికుల వల్ల అయ్యే పని కాదు కనుక, నేను ఆగలేదు.