అలలు లేచినప్పుడు తట్టుకునే పాత బాస్ బోట్ ఎలా చూసుకోవాలి?

గాలివాటం:
నమస్కారం అందరికీ. బోట్ మార్చాలనుకుంటున్నాను. కొత్తది నా వల్ల కాదు, పాతదే చూస్తున్నా. ఇప్పుడున్నది 17 అడుగుల అల్యూమినియం బాస్ బోట్ (బాస్ చేపలు పట్టడానికి చేసే రకం), 90 హార్స్‌పవర్. చిన్న నీళ్లలో దానికి వంక పెట్టలేం. కానీ మేం వెళ్లే సరస్సు పెద్దది. పొద్దున్న ఆరింటికి అద్దంలా ఉంటుంది, పదకొండు దాటిందంటే గాలి లేస్తుంది.

పోయిన నెల అవతలి ఒడ్డున చేపలు బాగా పడుతున్నాయని ఆశకు పోయి ఆలస్యం చేశాం. తిరిగొచ్చేటప్పుడు రెండడుగుల అలలు, ఒకదాని వీపు మీద ఒకటి. ఆరు మైళ్లకు గంట పైనే పట్టింది. అడుగున రేకు మీద సమ్మెట పడుతున్నట్టే ఉంది. ఒడ్డెక్కాక మా అబ్బాయి లైఫ్ జాకెట్ విప్పుతూ, "నాన్నా, మన బోట్ చిన్నదా, మనకి తోలడం రాదా?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

ఇప్పుడు రెండు బోట్లు కంటికి ఆనాయి. ఒకటి పద్దెనిమిదిన్నర అడుగుల ఫైబర్‌గ్లాస్, 150 హార్స్‌పవర్, ఎనిమిదేళ్లది, మెరిసిపోతోంది. రెండోది 21 అడుగులు, 250 హార్స్‌పవర్, ఇరవై ఏళ్లది. "ఇది ట్యాంకు లాంటిదండీ" అంటున్నాడు అమ్మేవాడు. పొడవు చూసుకోవాలా, వయసు చూసుకోవాలా? అసలు ఏం చూడాలి?

తాటిదోనె:
పొడవు. గాలి ఉండే పెద్ద నీళ్లకైతే 20 అడుగుల లోపు వైపు చూడకండి. రేంజర్ గొప్పదా, స్కీటర్ గొప్పదా, బాస్ క్యాట్ గొప్పదా అని ఇక్కడ కొట్టుకుంటారు, ఆ గొడవలో పడకండి. బరువైన పొడవాటి బోట్ ఏ కంపెనీదైనా తేలికపాటి పొట్టిదాని కంటే మెత్తగా పోతుంది.

నీటికాకి:
మీ అబ్బాయికి "రెండూ నిజమే నాన్నా" అని చెప్పేయండి, టెన్షన్ వదులుతుంది. నేనూ అక్కడి నుంచే మొదలయ్యాను.

తాటిదోనె గారు చెప్పింది నిజమే, కానీ అది సగమే. పొట్టి బోట్ ఒక అల దిగి తర్వాతి అల గుంటలో ముక్కు పెడుతుంది. 21 అడుగులది చిన్న అలలైతే రెండింటి మీదా ఒకేసారి ఆనుకుని దాటేస్తుంది. కానీ బాస్ బోట్ అంటేనే ఒక రాజీ అని గుర్తుపెట్టుకోండి. నిలబడి గేలం వేయడానికి డెక్ చదునుగా, అంచులు పొట్టిగా ఉంటాయి. అడుగున వెనకవైపు నడిమధ్య చదునుగా ఒక పట్టీ ఉంటుంది, దాన్నే ప్యాడ్ అంటారు. ఫుల్ స్పీడులో బోట్ దాని మీదే పరిగెడుతుంది. నీళ్లు ప్రశాంతంగా ఉంటే అంత హాయి ఇంకోటి లేదు. అలల్లో అదే ప్యాడ్ మీద తోలితే మన వెన్నెముక లెక్క తేలుస్తుంది. అక్కడ వేగం తగ్గించి, ట్రిమ్ (మోటార్ వంపు) కిందికి దింపి, ముందువైపు కోసుగా ఉన్న వీ ఆకారం అలని చీల్చేలా చేయాలి. అందుకే ట్రాన్సమ్ (మోటార్ బిగించే వెనక గోడ) దగ్గర డెడ్‌రైజ్, అంటే అడుగు వీ వాలు, ఎన్ని డిగ్రీలో అడగడంతో ఆగకండి. బోట్ ట్రైలర్ మీద ఉన్నప్పుడు ముక్కు కిందికి వంగి చూడండి. ముందు భాగంలో వీ ఎంత కోసుగా ఉంది, ఎంత వెనక్కి వచ్చాక పలచబడింది అన్నది కంటికే తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. నా రెండో బోట్‌ని నేను గాలి లేని ఉదయం చూసి కొన్నాను. మెరుపు, సీట్లు, స్క్రీన్లు, అన్నీ బాగానే ఉన్నాయి. మూడో నెలలో, గట్టి గాలి ఉన్న రోజు తిరిగొచ్చాక, వెనక సోనార్ ట్రాన్స్‌డ్యూసర్ (నీటి కింద చేపల్ని కనిపెట్టే పరికరం) వదులుగా ఊగుతోంది. బిగిద్దామని స్క్రూడ్రైవర్ పెడితే స్క్రూ తిరగకుండానే చేతిలోకి వచ్చేసింది. దాని మరల మధ్య తడిసిన అట్టముక్కలా నల్లటి చెక్కపొట్టు. రంధ్రం నుంచి టీ రంగు నీళ్లు, బొట్టు బొట్టుగా, పది నిమిషాల దాకా కారాయి. ట్రాన్సమ్ లోపలి ప్లైవుడ్ కుళ్లిపోయింది. రెండు వందల కిలోల పైచిలుకు మోటార్ ఆ కుళ్లిన చెక్కని పట్టుకుని వేలాడుతోంది, నేనేమో అలల మధ్య దాన్ని ఎగరేసుకుంటూ ఇల్లు చేరాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాబట్టి ఆ ఇరవై ఏళ్ల బోట్ దగ్గరికి ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్ ఒకటి పట్టుకెళ్లండి. పిడితో ట్రాన్సమ్ అంతా కొట్టుకుంటూ పోండి, మోటార్ బోల్టుల చుట్టూ మరీ శ్రద్ధగా. గట్టి చోట 'టక్' మంటుంది. లోపల నాని ఉంటే 'దబ్' మని చచ్చిన చప్పుడొస్తుంది, ఒక్కసారి విన్నారంటే మర్చిపోరు. తర్వాత మోటార్ సగం పైకి లేపి, కింది భాగం పట్టుకుని బరువంతా వేసి కిందికీ పైకీ ఊపండి. ఆ టైంలో ఇంకొకరు ట్రాన్సమ్ పై అంచు మీద కళ్లు పెట్టాలి. అంచు వెంట్రుకవాసి కదిలినా నమస్కారం పెట్టి వచ్చేయండి. చాలా కొత్త బోట్లలో చెక్కే లేదు, కాంపోజిట్ వాడతారు. అలా అని మోటార్ బోల్టుల దగ్గర పగుళ్లు చూడటం మానకండి.

నీళ్లు దాక్కునే ఇంకో చోటు, బోట్ తేలడానికి డెక్ కింద నింపే ఫోమ్. అది నానితే బోట్ బరువెక్కుతుంది, వెనక కుంగుతుంది, అలలు అంచు దాటి లోపలికి వస్తాయి. పైకి ఏమీ కనపడదు. ట్రైలర్‌తో సహా తూకం వేయిస్తే మాత్రం దాగదు. వచ్చిన తూకంలోంచి ట్రైలర్, మోటార్, బ్యాటరీలు, పెట్రోల్ బరువులన్నీ తీసేసి, కంపెనీ చెప్పిన ఖాళీ బరువుతో పోల్చండి. యాభై కిలోల తేడా ఉంటే సామాన్లు అనుకోవచ్చు. రెండు వందలుంటే బోట్‌తో పాటు సరస్సు కూడా కొంత కొంటున్నట్టు లెక్క.

జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ మీది మెరిసే పూత) మీద సన్నటి సాలెగూడు పగుళ్లు చూసి భయపడొద్దు, చాలావరకు పైపైవే. అడుగున ప్యాడ్ పక్కన పొడుగ్గా ఒకే గీతగా ఉన్నదాన్ని, ట్రాన్సమ్ మూలల్లో ఉన్నవాటిని మాత్రం వదలకండి. ట్రైలర్ మీద బోట్ ఆనే పలకలు ట్రాన్సమ్ దాకా వచ్చాయో లేదో కూడా చూడండి. రాకపోతే ఏళ్లు గడిచే కొద్దీ వెనక భాగం వంగి, అడుగున కొక్కెంలా తయారవుతుంది. అలాంటి బోట్ వేగంలో ముక్కు కిందికి గుచ్చుతుంది.

చివరిది, దీని మీద మాత్రం బేరం వద్దు. గాలి ఉన్న మధ్యాహ్నమే నీళ్లలో తోలి చూపించమనండి. పొద్దున్నే రమ్మంటే ఎందుకో అడగండి.

మట్టగిడస:
నీటికాకి గారు ఇంజిన్ జోలికి పోలేదు కాబట్టి నేను పోతా. కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) పరీక్ష చేయించండి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉంటే మంచిది. గేర్‌కేస్ (ప్రొపెల్లర్‌ని తిప్పే గేర్ల పెట్టె) ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు దూరాయని అర్థం. ప్రొపెల్లర్ కూడా చూడండి. నాలుగు రెక్కల స్టీల్‌ది అలల్లో నీటిని గట్టిగా పట్టుకుంటుంది, వెనక భాగాన్ని లేపుతుంది. మూడు రెక్కలది టాప్ స్పీడు ఇస్తుంది గానీ మలుపుల్లో పట్టు జారుతుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీరు నిలబడి గేలం వేసే డెక్ కోసమే బాస్ బోట్ అంటున్నారా? వారానికోసారి రెండడుగుల అలలే అయితే ఎత్తైన అంచులున్న డీప్ వీ బోట్ (అడుగు లోతైన వీ ఆకారంలో ఉండేది) చూడొచ్చు. అందం తక్కువ, ఒళ్లు పొడిగా ఉంటుంది.

నీటికాకి:
డీప్ వీ సలహాతో నాకు పేచీ లేదు. అయినా ఆయన మనసు డెక్ మీదే ఉందని ప్రశ్నలోనే తెలుస్తోంది.

గాలివాటం గారూ, ఒకటి మర్చిపోయాను. అలలు వెనక నుంచి తోస్తున్నప్పుడే అసలు ప్రమాదం. అల మీద నుంచి జారి ముందు అల వీపులో ముక్కు గుచ్చిందంటే ముందు డెక్ మొత్తం నీళ్లు. అప్పుడు ముక్కు కొంచెం లేపి ఉంచాలి, ముందు పెట్టెల్లోని బరువులు వెనక్కి మార్చాలి. లైవ్‌వెల్ (పట్టిన చేపల్ని బతికుంచే నీళ్ల తొట్టి) వెనక ఉంటుంది కదా, 30 గ్యాలన్లు నింపితే 110 కిలోల పైమాటే, అది కూడా పనికొస్తుంది. ఎదురు అలలకి ఇదే తిరగేయండి. కిల్ స్విచ్ (తోలేవాడు పడిపోతే ఇంజిన్ ఆపేది) తాడు మాత్రం ఎప్పుడూ ఒంటికే ఉండాలి.

గాలివాటం:
అందరికీ థాంక్స్. పోయిన ఆదివారం రెండు చోట్లకీ వెళ్లొచ్చాం. మెరిసే బోట్ ఆయన గాలిలో తోలడానికి ససేమిరా అన్నాడు, "పొద్దున్నే రండి" అన్నాడు. నవ్వు ఆపుకుని వచ్చేశాను. ఆ ట్యాంకు తూకం వేయిస్తే లెక్క కంటే 190 కిలోలు ఎక్కువ తేలింది. మా అబ్బాయే కాగితం మీద తీసివేతలు చేశాడు. అమ్మేవాడికి చూపిస్తే తూకం యంత్రం తప్పన్నాడు.

మూడోది దొరికింది. 20 అడుగులు, 225 హార్స్‌పవర్, కాంపోజిట్ ట్రాన్సమ్. ఆయన ఫోన్‌లోనే, "శనివారం మధ్యాహ్నం గాలి బాగా ఉంటుందట, అప్పుడు రండి, తడుస్తారు, బట్టలు తెచ్చుకోండి" అన్నాడు.

మట్టగిడస:
సగం పని అక్కడే అయిపోయింది. అయినా ట్రాన్సమ్ కొట్టి చూడండి.

గాలివాటం:
స్క్రూడ్రైవర్ మా వాడి దగ్గరే ఉంది. ఇంట్లో తలుపులన్నీ కొట్టి చూస్తున్నాడు.