మంచుగడ్డ మీద చేపలు పట్టే బూట్లు యాసంగి పొలానికి పనికొస్తయా?

ఎడమకాల్వ_రైతు (మిర్యాలగూడ దిక్కు):
మా అన్న మిన్నెసోటాల ఉంటడు. అక్కడ చలికాలం గడ్డకట్టిన చెరువు మీద కూసోని చేపలు పట్టెటోళ్లు, వేటకు పోయెటోళ్లు వేసుకునే బూట్లు ఒక జత తెస్తనంటుండు. నీళ్లు చొరవు, లోపల ఉన్ని తొడుగు ఉంటది, డబ్బా మీద -40 అని రాసుంటదట. యాసంగిల రాత్రి, తెల్లవారుజాము వరికి నీళ్లు పెట్టడానికి పనికొస్తయా? లేక ఇక్కడి గమ్‌బూట్లే చాలా?

పల్లిచేను_కావలి (అచ్చంపేట దిక్కు):
కళ్లు మూసుకొని తెమ్మను. పల్లిచేనుకు అడివిపందుల కావలి కాసెటోళ్లను అడుగు, చలి ముందు ఎక్కడ పడుతదో చెప్తరు. మంచె మీద కదలకుండ కూసుంటే కాలివేళ్లే మొదలు మొద్దుబారుతయి. మంచుగడ్డ మీద చేపలకు కూసునేటోని లెక్క కూడ ఇదే. నడిస్తే కాలు తనే వేడి పుట్టిస్తది. కూసుంటే ఉన్న వేడిని బూటు కాపాడాలె. అందుకే వాటికి బయటికి గుంజొచ్చే మందపాటి ఫెల్ట్ (ఒత్తి చేసిన ఉన్ని) తొడుగు ఉంటది. అడుగు కూడ మందంగ చేస్తరు, గడ్డ చలి అరికాలి నుంచే ఎక్కుతది కాబట్టి. కొన్నిటి మీద థిన్సులేట్ (వేడిని ఆపే సన్న పోగుల పొర) 400, 800, 1000 గ్రాములని ఉంటది. అది బూటు బరువు కాదు, లోపల పరిచిన పొర చదరపు మీటరుకు ఎంత తూగుతదో ఆ లెక్క. మన చలికి 400 కూడ ఎక్కువే.

సైజు కొద్దిగ పెద్దది చెప్పు. మందపాటి మేజోళ్లు వేసినంక గూడ వేళ్లు ఆడాలె. బిగుతైతే రక్తం ఆడదు, ఫెల్ట్ నలిగి అందులున్న గాలి పోతది, ఇంకింత చలి పెడుతది. మగోళ్ల సైజుల అమెరికా 9 అంటే మన దుకాణంల 8. అది మరువకు.

మూసీ_ఒడ్డు (నల్లగొండ):
అడిగింది వరి నీళ్ల ముచ్చట, చెప్పింది పందుల కావలి ముచ్చట.

నల్లగొండల యాసంగి తెల్లవారుజాము 15 డిగ్రీల అటు ఇటు ఉంటది. గట్టి చలి పడ్డనాడు ఇంకో మూడు నాలుగు తగ్గుతది. ఆ చలికి -40 బూటు తొడిగి, పార పట్టుకొని గండ్లు తెరుసుకుంట మూసుకుంట తిరిగితే కాలు చెమటకు తడిసిపోతది. బయటి నీళ్లు రాలేదు, లోపల నీళ్లు పుట్టినయి. తడిసిన ఫెల్ట్ ఒక్క పూటల ఆరది. మర్నాడు మళ్ల నీళ్ల వంతు ఉంటే తడిదే తొడుక్కోవాలె. మంచు దేశంల కూడ ఈ తిప్పలే, అందుకే తెలిసినోళ్లు రెండు జతల తొడుగులు దగ్గర పెట్టుకుంటరు. అమెరికా సైన్యమైతే ఉన్నిని రెండు రబ్బరు పొరల నడుమ మూసేసి బూటు చేయించింది, చెమట ఉన్నికి అంటకుండ. దానికి గాలి వదిలే మర కూడ ఉంటది, విమానం ఎక్కేటప్పుడు తెరవాలె.

ఇగ ఎత్తు చూడు. ఆ బూట్లు చానామట్టుకు 10, 12 అంగుళాలే. గమ్‌బూటు 14, 15 ఉంటది, మోకాలి కిందిదాక వస్తది. పైగ ఆ మంచు బూట్లకు పాదం కాడ రబ్బరు, పైన కుట్టిన తోలు. పొడి మంచుకు సరే. కరిగెట చేసిన మడిల జానెడు దిగబడితే బురద నీళ్లు కుట్ల కాడికి వస్తయి.

400, 500 పెట్టి పీవీసీ గమ్‌బూట్లు కొనుక్కో, లోపల ఉన్ని మేజోళ్లు వేసుకో. నూలువి వద్దు, తడిస్తే కాలికి అతుక్కొని చలి పెడుతయి.

దేవరకొండ_పోరడు:
-40 అంటే ఫారన్‌హీటా సెల్సియసా? అది తేల్చకుండ ఇంత రాసిన్రు ఇద్దరు.

పల్లిచేను_కావలి:
రెండూ ఒకటే తమ్మీ. -40 కాడ రెండు కొలతలు కలుస్తయి.

దేవరకొండ_పోరడు:
ఎట్ల కలుస్తయి? సున్నాకు 32 కదా.

పల్లిచేను_కావలి:
-40ని 9తో గుణించి 5తో భాగించు, -72 వస్తది. 32 కలుపు. అయినా ఆ అంకెను నమ్ముకొని బూటు కొనొద్దు. ఏ కంపెనీ లెక్క దానిదే. ఒకరి -40, ఇంకొకరి -30 కన్న వెచ్చగుంటదని గ్యారంటీ లేదు. తొడుగు మందం చూడాలె, అడుగు మందం చూడాలె.

దేవరకొండ_పోరడు:
గుణించి చూసిన. నిజమే. గమ్మతుంది.

వలకాడు (భువనగిరి దిక్కు):
పైన అంతా నియోప్రిన్ (నురుగు లాంటి మెత్తటి రబ్బరు) ఉండే బూట్లు కూడ అమెరికాల బాగా నడుస్తయి. మెత్తగ, తేలికగ, వెచ్చగ ఉంటయి. మన చెరువు శిఖంల మాత్రం ఒక్క కాలం ఆగవు. సర్కారు తుమ్మ ముల్లు పొడిస్తే సూది రంధ్రం పడుతది. పొడి నేల మీద తెల్వది, నీళ్లల్లకు పోయినంకనే తెలుస్తది. ఏ బూటైనా కొన్న రోజు, ముల్లు గుచ్చిందని అనుమానం వచ్చిన రోజు, లోపల పాత పేపరు కుక్కి బూటును మెడదాక బకెట్ నీళ్లల్ల పావుగంట నిలబెట్టు. పేపరు ఎక్కడ తడిస్తే రంధ్రం అక్కడ.

అతుకు సంగతి కూడ చెప్త. అసలు రబ్బరు బూటైతే సైకిల్ పంక్చరు లెక్కనే అతకొచ్చు: గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఆరనిచ్చి, ట్యూబు ముక్క ఒత్తాలె. పీవీసీకి ఆ సొల్యూషన్ పట్టదు, రెండు రోజులకు ఊడుతది. అందుకే కొనేటప్పుడు రబ్బరా పీవీసీనా అని అడుగు. రబ్బరు బరువు, ధర ఎక్కువ, కానీ చలికి బిర్రుగ కాదు. పీవీసీ గట్టి చలికి బిగుసుకొని మడత కాడ పగులుతది. మన చలికి ఆ భయం లేదు. రబ్బరును డీజిలు, ఇంజనాయిలుకు దూరం పెట్టు, ఎండల పడేయకు.

చెరువుల దిగి వల గుంజెటోళ్లకు మాత్రం ఏ బూటూ వద్దు. బూటు మెడ దాటి లోపల నీళ్లు నిండినయంటే ఒండ్రుల కాలు ఎత్తుడు కాదు.

కోదాడ_ముచ్చట:
గమ్‌బూట్లతోని ఇంకో లాభం, మోటారు కాడ షాక్ కొట్టదు.

స్టార్టర్_రిపేరు:
ఈ మాట ఎవరూ నమ్మొద్దు. మామూలు గమ్‌బూటు కరెంటు కోసం చేసిందీ కాదు, పరీక్ష చేసిందీ కాదు. నల్ల రబ్బరుల కలిపే కార్బన్‌ను బట్టి కొన్ని బూట్లు కరెంటును కొంత పారనిస్తయి. పైన బురద, లోపల చెమట, అడుగుల ముల్లు రంధ్రం ఉంటే చెప్పే పనే లేదు. ఒక చెయ్యి స్టార్టర్ డబ్బా మీద, ఇంకో చెయ్యి ఇనుప పైపు మీద ఉంటే కరెంటు గుండె మీదికెళ్లి పోతది, కాలికి ఏమున్నా ఒకటే. ఎర్తింగ్ సరిచూపించు, డబ్బా మూత పెట్టు, తడి చేతులతో ముట్టకు. 2018 జనవరి నుంచి 24 గంటల కరెంటు ఇచ్చినంక కూడ ఎందరో రాత్రిపూట మోటారు కాడికి పోతున్నరు. బూటు చూసుకొని ధైర్యం తెచ్చుకోవద్దు.

పీహెచ్‌సీ_నర్సు:
అందరూ చలి గురించే రాస్తున్నరు. రాత్రి పొలంల బూటు అవసరం పాము కోసం. పొలం పనిల కాట్లు ఎక్కువగ పాదం, చీలమండ, పిక్క కింద పడుతయి. గమ్‌బూటు కప్పేది అక్కడనే. పూర్తి రక్షణని అనను. రక్తపింజర కోరలు పొడుగు, పల్చటి మెత్తటి బూటును నమ్మొద్దు. కట్లపాము సంగతి వేరు, అది ఎక్కువగ కింద పండుకున్నోళ్లను కరుస్తది. దానికి మంచం, దోమతెర కావాలె. కరిచిందంటే బూటు, మెట్టెలు, పట్టీలు వెంటనే తీసేయాలె, వాపు వచ్చినంక రావు. తాడు బిగించొద్దు, కోయొద్దు, కాలు కదపకుండ దవాఖానకు తేవాలె. పామును చంపి తెచ్చే పని లేదు, మన దగ్గరిచ్చే విరుగుడు ముఖ్యమైన నాలుగు విషపాములకూ ఒకటే.

బూట్లు కింద పడేయొద్దు. రెండు కర్రలు పాతి తలకిందులుగ తగిలియ్యాలె. వేసుకునే ముందు దులపాలె, తేలుంటది.

ఎడమకాల్వ_రైతు:
థాంక్స్ అక్కా. అయితే ఎత్తు ముఖ్యమన్నట్టు. నీళ్లు పారవెట్టేది ఎక్కువ మా జీతగాడే, ఆయనకు సైజు 7 వస్తది. నేను 9.

నాట్ల_ముఠా (హాలియా):
ఇప్పుడు వచ్చింది అసలు మాట. ఇంతసేపు లొల్లి ఎవరి కాళ్ల గురించి? అమెరికా బూటు తొడిగేది పటేలు, రాత్రి రెండింటికి మడిల తిరిగేది జీతగాడు. నాటు వేసే ఆడోళ్ల పేరే ఎత్తలేదు ఎవరూ.

మూసీ_ఒడ్డు:
నాట్లకు గమ్‌బూట్లు పనికిరావు తల్లీ. వంగి వెనుకకు నడిచేటప్పుడు కాలు గుంజితే బూటు బురదల్నే ఉంటది, కాలు బయటికొస్తది. కావాలంటే వేసుకొని చూడు.

నాట్ల_ముఠా:
నాకు తెలుసు, నాకెందుకు నేర్పుతవు. నాట్లకు బిగుతుగ ఉండే మోకాటి మేజోళ్ల లెక్క పల్చటి రబ్బరు తొడుగులు కావాలె. అవి లేకుంటే పొద్దుగూకినంక కాళ్లు కడిగి తుడిచి, వేళ్ల సందుల కొబ్బరినూనె రాసుకోవాలె, లేకుంటే పాసిపోతయి. నేనడిగేది అది కాదు. నీళ్లు పారవెట్టెటాయనకు, మందు కొట్టెటాయనకు బూట్లు ఎవరు కొనియ్యాలె?

మూసీ_ఒడ్డు:
ఎవరి కాలికి వాళ్లే. చెప్పులు కూడ కొనిస్తున్నమా? కొనిచ్చి చూసినం కూడ. రెండు నెలల్ల ఇంటికి తీస్కపోయి కొడుక్కిచ్చిండు. మళ్ల మనమే చెడ్డోళ్లం.

పల్లిచేను_కావలి:
పార ఎవరిది? మందు కొట్టే పంపు ఎవరిది? అవి నువ్వే కొంటవు కదా మూసీ అన్నా. పనికి కావాల్సిన సామాను పని చెప్పెటోనిదే.

మూసీ_ఒడ్డు:
పార పది చేతులకు సరిపోతది. బూటు ఒక్క కాలి సైజుకే. ఇయ్యాల ఉన్నోడు రేపుంటడా? ప్రతి యాసంగికి కొత్త సైజు కొనాల్నా? అందుకే మేము సైజు 9 ఒక జత బాయి కాడ పెట్టినం, ఎవరు పోతే వాళ్లు వేసుకుంటరు.

పీహెచ్‌సీ_నర్సు:
అందరికీ ఒకటే జత అంటే ఒకరి వేళ్ల సందుల ఫంగస్ అందరికీ అంటుతది. 7 వచ్చేటోడు 9 వేసుకుంటే మడమ ఆడి తోలు లేస్తది, ఆ పుండుకు బురద తాకుతది. అందుకే విప్పి గెట్టు మీద పెట్టి ఉత్తకాళ్లతో దిగుతరు. తర్వాత "కొనిచ్చినా వేసుకోరు" అని మాట మనదే.

వలకాడు:
ఇది నిజం. వదులైన బూటు బురదల ఇంకా తొందరగ ఊడుతది. గమ్‌బూటు తొడిగినప్పుడు మడమ అర అంగుళం కన్న ఎక్కువ లేవొద్దు.

మూసీ_ఒడ్డు:
సరే కొనిస్త అనుకో. పని అయినంక బాయి కాడ తగిలిచ్చి పోవాలె. ఇంటికి తీస్కపోవుడు కుదరదు.

నాట్ల_ముఠా:
రెండింటికి ఇంటి నుంచే కదా పొలానికి నడిచొచ్చేది. పాము నీ మడిలనే ఉంటదా, బండ్లబాటల ఉండదా?

మూసీ_ఒడ్డు:
బాట సంగతి నాకెందుకు.

నాట్ల_ముఠా:
అయితే కొనిచ్చినట్టు చెప్పుకోకు.

దేవరకొండ_పోరడు:
బూట్లడిగిన ఎడమకాల్వ అన్న పారిపోయినట్టుండు.

ఎడమకాల్వ_రైతు:
ఇక్కడ్నే ఉన్న. 7 సైజు పీవీసీది ఒక జత చూసిన, మా ఇంటామెకు 5 కావాలంటే దుకాణాయన 6 కన్న చిన్నది రాదంటుండు.

వలకాడు:
దుకాణంల మగోళ్ల సైజులే పెడుతరు. ఆడోళ్ల కొలతని చెప్పి 5 విడిగ తెప్పియ్యమను. 6 కొని లోపల రెండు అట్టలు వేస్తే అడుగు పైకొస్తది గానీ మడమ వదులు పోదు. తెప్పిచ్చినంక బకెట్ పరీక్ష చేసినాకనే పైసలియ్యి.