‘ఆవు బొమ్మ రాస్తాను’: రాయడం అనే మాట గురించి

హ్యాండ్ లెటరింగ్‌కి, అంటే అక్షరాలను చేత్తో అందంగా తీర్చి రాసే పనికి, తెలుగులో ఏమనాలి అని మొన్న ఒకరు అడిగారు. అక్షరకళ, అక్షరశిల్పం, అలంకార లేఖనం, నగీషీ రాత అంటూ చాలా జవాబులొచ్చాయి. నాకు మాత్రం మా ఊళ్లో బోర్డులు రాసే ఆయన గుర్తొచ్చాడు.

మా మేనమామ పాల దుకాణం పెట్టినప్పుడు రేకు బోర్డు రాయించడానికి నన్ను కూడా వెంట తీసుకెళ్లాడు. బోర్డులు రాసే ఆయన సుద్దముక్కతో రేకు మీద గీతలు కొట్టుకుంటూ, “ఎడమ పక్క ఆవు బొమ్మ రాస్తాను, మిగతా చోటంతా పేరు రాస్తాను” అన్నాడు. బొమ్మ గీయాలి, పేరు రాయాలి అని బడిలో అప్పుడే నేర్చుకున్న వయసు నాది. ఆయనకు మాట సరిగా రాదనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను కూడా.

ఆయన మాటే సరైనది. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులో ‘వ్రాయు’ చూడండి. అక్షరాలు రాయడం, బొమ్మ గీయడం, రంగులతో చిత్రించడం, ఈ అర్థాలన్నీ ఆ ఒక్క మాట కిందే ఉంటాయి. చిత్తరువు వ్రాయడం పాత తెలుగులో మామూలు మాట. తమిళంలో ‘వరై’ అంటే గీయడం, రాయడం. కన్నడంలో ‘బరె’. మనది వాళ్ల దగ్గర నుంచి తెచ్చుకున్న మాట కాదు, మూడూ ఒకే తల్లి పిల్లలు. తమిళ ‘మరం’ మన దగ్గర మ్రాను అయినట్టు, ‘విరల్’ వ్రేలు అయినట్టు, ఇక్కడా రేఫం, అంటే ర శబ్దం, ముందుకు జరిగి వ్రాయు అయింది. తర్వాత మ్రాను, వ్రేలులో రేఫం పోయి మాను, వేలు మిగిలాయి. వ్రాయులో మాత్రం వకారం పోయి రేఫం నిలబడింది.

సంస్కృతం వైపు చూసినా ఇంతే. డ్రాయింగుకి మన బడుల్లో చెప్పే మాట చిత్రలేఖనం. అందులో ఉన్నది లేఖనమే. ఉష కలలో చూసిన అనిరుద్ధుడెవరో తెలుసుకోవడానికి వరసగా రాజకుమారుల బొమ్మలు వేసి చూపించిన చెలికత్తె పేరు చిత్రలేఖ.

“మరి తలకు నూనె రాయడం కూడా ఇదేనా?” అని ఒక అక్కయ్య కామెంట్లలో అడిగారు. మంచి ప్రశ్న. అది వేరే మాటండీ. రుద్దడం, రాపిడి అనే అర్థమున్న రాయు ‘ఒరయు’ కుటుంబానిది. దానికి మొదట్లో వకారం లేదు. వ్రాయులో వకారం జారిపోయాక రెండూ పలకడానికి ఒకేలా అయిపోయాయి. అందుకే ‘తాటాకును గంటంతో రాపాడిస్తారు కాబట్టి రాయడం అన్నారు’ అనే వివరణ వినడానికి ఎంత బాగున్నా నేను ఒప్పుకోలేను.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సాక్ష్యం శ్రీకాళహస్తిలో ఉంది. కలంకారీ అని అందరూ అంటాం. అందులో కలం, కారీ రెండూ పారసీ దారిలో వచ్చినవే. అక్కడి పనివాళ్లు తమ పనికి చెప్పుకునే తెలుగు పేరు వ్రాతపని. కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన నీళ్లలో బట్టను ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల సిరా పక్కలకు పాకదు. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారంతో కడతారు, అదే కలం. ఉన్నిని కొంచెం నొక్కితే సిరా కిందికి దిగుతుంది. పాత ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చే నల్లనీళ్లు కసిం. గుడిలో కట్టే పెద్ద తెరలను గమనించండి. నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ వరసలుగా రామాయణ ఘట్టాలు, వాటి మీద సన్నని పట్టీల్లో తెలుగు అక్షరాల్లో కథ. రాముడి కనుబొమకూ, ఆ పైన పట్టీలోని ‘రా’కూ అదే కలం, అదే నలుపు. ఇక్కడ అక్షరం ఎక్కడ ఆగింది, బొమ్మ ఎక్కడ మొదలైంది? ఆ పనికి 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గారిది వ్రాతపని చేసే కుటుంబమే.

అదే కలంకారీ పేరుతో మచిలీపట్నం, పెడన వైపు చేసే పని చెక్క అచ్చులతో చేస్తారు. దాన్ని వ్రాతపని అనరు, అద్దకం అంటారు. చేయి నేరుగా నడిపిస్తే వ్రాత, అచ్చు తాకిస్తే అద్దకం. హ్యాండ్ లెటరింగ్‌కీ ప్రింటింగ్‌కీ మధ్య తేడా చెప్పడానికి మనం కొత్త మాటల కోసం వెతుకుతున్నాం గానీ, బట్టల మీద పనిచేసేవాళ్లు ఆ గీత ఎప్పుడో గీసి పెట్టుకున్నారు.

ఇప్పటి మాటల్లోనూ ఆ తేడా బతికే ఉంది. గోడ మీద రాయించాం, షాపు బోర్డు రాయించాం, లారీ వెనక రాయించాం అంటాం. ఫ్లెక్సీ రాయించాం అని ఎవరైనా అనగా విన్నారా? ఫ్లెక్సీ వేయిస్తాం, కొట్టిస్తాం, కట్టిస్తాం. దాని నిండా అక్షరాలే ఉన్నా సరే, రాయించం. ఎవరూ నేర్పకుండానే మన నోరు ఈ తేడా పాటిస్తోంది. వాట్సాప్‌లో రాశాడు అంటాం కదా అని ఒకరు అభ్యంతరం పెట్టారు. అక్కడ రాయడం అంటే విషయాన్ని కూర్చడం. ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది అక్షరం ఆకారం గురించి.

ఆకారం అంటే మన గుణింతం పేర్లు కూడా తలుచుకోవాలి. తలకట్టు, కొమ్ము, సుడి, గిలక, అన్నీ కంటికి కనిపించే రూపాల పేర్లే. గుడి అంటే దేవాలయం గోపురంలా ఉంటుందని కాదు, గుండ్రం అని. చంద్రుడి చుట్టూ కట్టే వరదగుడిలో ఉన్న గుడి అదే.

బాపు గారి సంగతి కూడా అడిగారు. పత్రికల్లో, పుస్తకాల అట్టల మీద ఆయన రాసిన అక్షరాలు చూస్తూ పెరిగాం. తర్వాత అవి ఫాంటుగా వచ్చాయి. కంప్యూటర్లో వాడేటప్పుడు బాపు ఫాంటులో పెట్టాను అంటాం. పాత అట్ట చూపిస్తూ బాపు గారు రాసింది అంటాం. ఫాంటులో ‘ల’ ఎన్నిసార్లు వచ్చినా అదే ‘ల’. చేత్తో రాసినప్పుడు పక్క అక్షరాన్ని బట్టి, మిగిలిన చోటును బట్టి తోక పొడుగవుతుంది, తలకట్టు వంగుతుంది. మా పాల దుకాణం బోర్డు మీద కూడా పేరులోని చివరి దీర్ఘం సాగి ఆవు కాళ్ల కిందికి వెళ్లి గడ్డిలో కలిసిపోయింది. ఆ బోర్డు ఇప్పుడు లేదు. ఆ దీర్ఘం మాత్రం నేను కాగితం మీద ఇప్పటికీ రాసి చూపించగలను.

కాబట్టి నా ఓటు రాతకే. విడిగా చెప్పాల్సి వస్తే చేతిరాత పని అందాం, వ్రాతపని అని శ్రీకాళహస్తి వాళ్ల మాటనే తెచ్చుకున్నా మంచిదే. కళ, శిల్పం తగిలిస్తే మాట బరువెక్కుతుంది గానీ, బోర్డు రాసే ఆయన దాన్ని తన మాటగా వాడడు.

ఇంకొక్కటి మిగిలింది. స్టీలు గిన్నెల మీద, ఇత్తడి బిందెల మీద పేర్లుంటాయి కదా. ఉలితో చుక్కలు చుక్కలుగా పొడిచిన అక్షరాలు. మా వైపు పేరు కొట్టించడం అంటాం. మా అమ్మ పెళ్లి బిందె మీద మా అమ్మమ్మ పేరు అలాగే ఉంది. మీ వైపు కొట్టించడమా, వేయించడమా, చెక్కించడమా? గిన్నె మీద పేరు రాయించాం అని ఎక్కడైనా అంటే ఏ ఊరో కూడా చెప్పండి, అది నాకు చాలా ముఖ్యం.