హాలుకి రెండు ఆఫ్‌వైట్‌లు మిగిలాయి, మీగడ ఛాయా? బూడిద ఛాయా?

సుధ_హొరమావు
హాలు 20×12 అడుగులు, ఎత్తు 10. తూర్పున బాల్కనీ. ఐవరీ విట్రిఫైడ్ టైల్స్, టేకు తలుపులు, సీలింగ్ లైట్లు 3000 కెల్విన్, అంటే పసుపు వెలుగువి. గోడలకి ఇప్పుడున్నది లేత ఆకుపచ్చ. కొత్త షేడ్లు రెండూ కార్డు మీద పక్కపక్కన పెడితే తప్ప వేరని తెలియట్లేదు. ఒకటి మీగడ రంగు, ఇంకోటి కాస్త బూడిద కలిసిన తెలుపు. గురువారానికల్లా నంబరు చెప్పమంటున్నారు మా మేస్త్రి. దేన్నిబట్టి తేల్చుకోవాలి?

రమణ_పెయింట్_కాంట్రాక్టర్ (కె.ఆర్.పురం)
అమ్మా, గోడెక్కాక రెండూ ఒకటే. ఐవరీ టైల్స్ అన్నారు కాబట్టి మీగడ రంగు వేసుకోండి. షేడ్ గురించి మథనపడే బదులు కింద పని చూసుకోండి. తేమ ఉంటే ముందు అది ఆపాలి. తర్వాత రెండు కోట్ల పుట్టీ, గరుకు పేపరు పట్టి దుమ్ము తుడిచి ప్రైమర్, ఆపైన ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) రెండు కోట్లు. ప్రైమర్ ఎగ్గొట్టిన చోట పుట్టీ రంగుని పీల్చేసి మచ్చలు మచ్చలుగా తేలుతుంది. అప్పుడు ఏ షేడ్ అయినా ఒకటే.

కిరణ్_బీటీఎం
తెల్లగా వేసేయండి, గొడవ వదిలిపోతుంది.

శైలజ_ఇంటీరియర్స్ (జేపీ నగర్)
ఒకటే కావు రమణగారూ. ఒక గోడ మీద పడ్డ వెలుగు ఎదుటి గోడకి తగిలి మళ్లీ వెనక్కి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఆ రంగునే కొంచెం కొంచెం మోసుకొస్తుంది. కార్డు ముక్క మీద కనబడని పసుపు గది మూలల్లో చిక్కబడేది అందుకే. సుధగారి హాల్లో నేల, తలుపులు, లైట్లు మూడూ పసుపు వైపే లాగుతాయి. రాత్రి లైట్లేస్తే మీగడ రంగు కాస్తా వెన్న రంగుకి తిరుగుతుంది. బూడిద ఛాయ ఉన్నది ఆ లైట్లలో మామూలు తెలుపులా నిలబడుతుంది. అదే 6500 కెల్విన్ (తెల్లటి వెలుగు) ట్యూబులైటు కింద సిమెంటు రంగు కొడుతుంది.

200 మి.లీ. శాంపిల్ డబ్బాలు తెచ్చి, రెండడుగుల సన్‌బోర్డు (తేలికపాటి ఫోమ్ అట్ట) ముక్కల మీద ప్రైమర్, ఎమల్షన్ రెండు కోట్లు వేయించండి. అంచుల దాకా వేయాలి. చుట్టూ తెల్ల అంచు మిగిలితే దాని పక్కన ఏ ఆఫ్‌వైటైనా మాసినట్టే ఉంటుంది. ఒక్కో షేడ్‌కి రెండేసి బోర్డులు చేసి గది మూలలో ఎల్ ఆకారంలో నిలబెట్టండి. మూల ఎంత పసుపెక్కుతుందో అక్కడే తెలిసిపోతుంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్లలో చూడండి. తడి మీద మాత్రం తేల్చకండి. ఎమల్షన్ ఆరాక ముదురుతుంది, ఒక రోజు ఆగాలి.

రమణ_పెయింట్_కాంట్రాక్టర్
బోర్డు నున్నగా ఉంటుంది మేడమ్. రోలర్ తిరిగిన గోడ అలా ఉండదు. చూడాలనుకుంటే గోడ మీదే 2×2 ప్యాచ్ వేయించుకోండి. ముప్ఫై ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి అది.

శైలజ_ఇంటీరియర్స్
చుట్టూ లేత ఆకుపచ్చ పెట్టుకుని మధ్యలో మీగడ ప్యాచ్ వేస్తే అది ఎర్రబారినట్టు కనబడుతుంది. కళ్లు పక్క రంగుతో పోల్చుకునే చూస్తాయి. పైగా ప్యాచ్ అంచు మందంగా ఆరి, మీద రెండు కోట్లు పడ్డాక కూడా పక్కవాటు వెలుతురులో గీతలా తేలుతుంది.

రమణ_పెయింట్_కాంట్రాక్టర్
220 నంబరు గరుకు పేపరు పడితే ఏ గీతా ఉండదు.

శైలజ_ఇంటీరియర్స్
పడితే కదా! ఆ రోజు పేపరు పట్టేదెవరు?

వేణు_బనశంకరి
ఫినిష్ సంగతి ఎవరూ అడగలేదు. ఒకే షేడ్ కోడ్‌ని మ్యాట్‌లో (మెరవనిది), షీన్‌లో (కొంచెం మెరిసేది) చేయించి చూడండి, రెండు వేర్వేరు రంగుల్లా ఉంటాయి. శాంపిల్ ఏ ఫినిష్‌లో చూస్తే గోడకీ అదే వేయాలి. బాల్కనీ పక్క గోడకి షీన్ వేస్తే పుట్టీ ఎగుడుదిగుళ్లన్నీ బయటపడతాయి.

సుధ_హొరమావు
కిటికీకి అడ్డంగా కానుగ చెట్టు కూడా ఉంది. దాని ప్రభావం ఉంటుందా?

శైలజ_ఇంటీరియర్స్
ఉంటుంది. ఆకుల మీంచి వచ్చే వెలుగు పచ్చగా ఉంటుంది. బూడిద ఛాయ దాన్ని ఇట్టే పట్టేస్తుంది. పగలు ఆ గోడ కాస్త ఆకుపచ్చగా అనిపించొచ్చు. బోర్డుని కిటికీ పక్క గోడకి ఒకసారి, ఎదుటి గోడకి ఒకసారి ఆనించి చూడమనేది ఇందుకే. మేస్త్రీలు కార్డు చూపించి "వేలు పెట్టండమ్మా" అని పని కానిచ్చేస్తారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ గోడల్ని చూసేది ఇంటివాళ్లు.

రమణ_పెయింట్_కాంట్రాక్టర్
మేస్త్రీల్ని అంత మాట అనేముందు ఇది కూడా వినండి. మొదటి కోటు అయ్యాక "ఇది కాదు, రెండోది వేయండి" అంటారు. టింట్ చేసిన (షేడ్ కలిపేసిన) డబ్బా షాపువాడు వెనక్కి తీసుకోడు. ఆ కోటు కూలి ఎవరిస్తారు? పని మొత్తం ముగిశాక ఎలక్ట్రీషియన్ వచ్చి 3000 బల్బులు తీసి 6500 పెడతాడు. రంగు మారిందని నాకు ఫోన్, బ్యాలెన్సు ఆపేస్తారు. డిజైనర్ తన ఫీజు ముందే పుచ్చుకుని వెళ్లిపోయి ఉంటుంది. బోర్డు, ప్యాచ్ అని ఇంతసేపు వాదించాం కానీ అసలు గొడవ అక్కడుంది.

వేణు_బనశంకరి
ఇదే మొదట్లో చెప్పుంటే సగం వాదన ఉండేది కాదు రమణగారూ.

శైలజ_ఇంటీరియర్స్
బల్బు మారిస్తే ఆ తప్పు మీది కాదు, ఒప్పుకుంటాను. ఒక వెలుగులో ఒకేలా ఉన్న రెండు షేడ్లు ఇంకో వెలుగులో విడిపోవచ్చు. కానీ షేడ్ చూపించకుండా మొదలుపెట్టిన పనికి ఆ కోటు కూలి ఇంటివాళ్లే పెట్టుకోవాలంటే మాత్రం ఒప్పుకోను.

రమణ_పెయింట్_కాంట్రాక్టర్
చూపించనని ఎవరన్నారు? బోర్డే చేయించండి. వెనక కోడ్, బేస్ (షేడ్ కలపక ముందు మూల పెయింట్), ఫినిష్, ఏ బల్బు కింద చూశారో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. గోడ దానితో కలవకపోతే తిరిగి వేసే ఖర్చు మేస్త్రిది. కలిశాక మనసు మారితే ఇంటివాళ్లది.

సుధమ్మా, కొలత కూడా రాసుకోండి. గోడలు 640 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు తీసేస్తే సుమారు 540. రెండు కోట్లకి లీటరు 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది కాబట్టి 4 లీటర్లు బొటాబొటి. అందుకే 4 లీటర్లది, 1 లీటరుది రెండు డబ్బాలూ ఒకేసారి, ఒకే మెషీన్ మీద చేయించి పెద్ద బకెట్‌లో కలిపేశాకే రోలర్ ముంచాలి. ఆఫ్‌వైట్‌కి పడే స్టెయినర్ (షేడ్ తెచ్చే చిక్కటి రంగు) చాలా కొద్ది. లీటరు డబ్బాలో మెషీన్ కాస్త అటూ ఇటూ పోసినా షేడ్ తప్పుతుంది. విడిగా తెచ్చి చివరి గోడకి వేస్తే ఆ గోడ వేరుగా కనబడుతుంది. మిగిలింది గట్టిగా మూత బిగించి టచప్‌కి దాచుకోండి.

కిరణ్_బీటీఎం
సీలింగ్?

శైలజ_ఇంటీరియర్స్
మరీ పాలతెలుపు వద్దు. దాని పక్కన మీగడ ఇంకా పసుపెక్కుతుంది. ఏ షేడ్ ఎంచుకున్నా సీలింగ్ ముక్క ఒకటి చేసి బోర్డు మీద ఆనించి చూడండి.

సుధ_హొరమావు
మా మేస్త్రితో మాట్లాడాను. గురువారం బదులు ఆదివారం నంబరు చెప్తానన్నాను, సంతకానికి ఒప్పుకున్నారు. శాంపిల్ ఖర్చు నాదే. రేపు నాలుగు బోర్డులు వేయిస్తున్నాను.

రమణ_పెయింట్_కాంట్రాక్టర్
మంచిదమ్మా. కిచెన్ వైపు బల్బులు ఇంకా పెట్టకపోతే బోర్డులు చూసేలోపే బిగించేయమనండి. రెండు వైపులా ఒకే కెల్విన్ ఉండాలి.